లూప్‌ను పట్టుకుని కూర్చున్నదెవరు?

పత్తి సీజన్‌లో ఆదోని మార్కెట్ యార్డుకు రెండు వేగాలుంటాయి. పొద్దున లాట్లు దిగుతాయి. వ్యాపారులు ఒక్కో లాటు దగ్గర ఆగి, దూదిని వేళ్ల మధ్య లాగి పింజ చూసుకుంటారు, మనసులో ధర కట్టుకుంటారు. అంతా నింపాదిగా సాగుతుంది. టెండర్ గడువు ముంచుకొచ్చేసరికి తీరు మారిపోతుంది. తన ధర ముందే బయటపెట్టాలని ఏ వ్యాపారికీ ఉండదు గనక వేయాల్సినవన్నీ చివరి నిమిషాల్లో వేస్తారు. కాగితం చీటీల కాలంలో ఆ ఒత్తిడి యార్డు సిబ్బంది మోశారు. 2016 ఏప్రిల్‌లో ఈ-నామ్ అనే జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ మొదలయ్యాక ధరలు తెరల మీదికొచ్చాయి, ఒత్తిడి సర్వర్ల మీదికొచ్చింది.

ఈ-నామ్‌ను విప్పి చూడటం ఇక్కడ పని కాదు. యార్డు పక్క వీధిలో ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని రాయగల చిన్న ప్రోగ్రాము ఒకటి ఊహించుకుందాం. వ్యాపారులు ఫోన్లో ధర వేస్తారు. లాటు ఎంతకు పోయిందో రైతుకు ఎస్సెమ్మెస్ వెళుతుంది. ఆలూరు, పత్తికొండ, కోసిగి వైపు పల్లెల్లో ఇంటి దగ్గరున్న వాళ్లు కూడా ఆనాటి ధరలు చూస్తుంటారు. వందల ఫోన్లు, గట్టి రోజున వేల ఫోన్లు ఒకేసారి కనెక్ట్ అయి ఉంటాయి. చాలాసేపు ఏమీ అడగవు, ఊరికే తెరిచి ఉంటాయి. ఇలాంటి పనికి అసింక్ పద్ధతి ఎంచుకోవడం సబబే. 2009లో నోడ్.జేఎస్ ఈ పద్ధతిని వెబ్ ప్రోగ్రామర్లందరి ముందుకూ తెచ్చింది. పైథాన్‌లో 2014 నాటి 3.4 వెర్షన్‌తో అసింక్‌ఐఓ చేరింది.

ఈ పద్ధతి బలమూ బలహీనతా ఒకే చోట ఉన్నాయి. ఉన్నది ఒక్క థ్రెడ్, దాని మీద ఒక్క ఈవెంట్ లూప్. ధర రావడం ఒక ఈవెంట్, డేటాబేస్ జవాబివ్వడం ఇంకో ఈవెంట్. లూప్ ఒకదాన్ని అందుకుని కాస్త నడుపుతుంది. అది ఎదురుచూడాల్సిన చోట 'అవెయిట్' అని తప్పుకుంటే ఇంకోదాన్ని అందుకుంటుంది. తప్పుకోవడం ఆ కోడ్ మర్యాద మీదే ఆధారపడి ఉంది. తప్పుకోకపోతే లాగేసే అధికారం లూప్‌కు లేదు.

యార్డులో ఒకే కాటా ఉందనుకోండి. ఒక రైతు బస్తాలు కాటా మీద పెట్టి, లెక్క రాసే మనిషిని వెతుక్కుంటూ టీ కొట్టు దాకా వెళ్లాడు. కాటా ఏ పనీ చేయడం లేదు, అయినా ఇంకెవరూ తూయించుకోలేరు. మరో రైతు ఎక్కడికీ వెళ్లలేదు గానీ రెండొందల బస్తాలు తెచ్చాడు. కాటా ఒళ్లు వంచి పనిచేస్తూనే ఉంది. వెనక ఒక్క బస్తాతో నిలబడ్డవాడికి మాత్రం రెండూ ఒకటే. ప్రోగ్రాములో కూడా లూప్‌ను ఆపేవి ఈ రెండు రకాలే: బయటి జవాబు కోసం ఊరికే కూర్చునే కాల్ ఒకటి, లెక్కల్లో మునిగిపోయే కోడ్ ఇంకొకటి. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. పట్టుకునే పనిముట్లు మాత్రం వేరువేరు. వాదమంతా అక్కడే మొదలవుతుంది.

కొన్ని కళ్లకు కనబడేవే. అసింక్ ఫంక్షన్‌లో టైమ్.స్లీప్ రాసినవాణ్ణి పక్కవాడే పట్టుకుంటాడు. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీతో ఎస్సెమ్మెస్ గేట్‌వేను పిలవడం అంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే మనం చెప్పకపోతే ఆ లైబ్రరీకి గడువే ఉండదు. గేట్‌వే జవాబివ్వకుండా కనెక్షన్ పట్టుకుని కూర్చుంటే మన లూప్ కూడా దానితో పాటే కూర్చుంటుంది. అసలు చిక్కు లోతున దాక్కున్న వాటితో. లాగ్ రాసే లైన్ డిస్క్ మీదికో నెట్‌వర్క్ మీదికో వెళుతుంటుంది. ఎన్‌క్రిప్ట్ అయిన కనెక్షన్ తెరవబోతే సర్టిఫికెట్ల కట్టను డిస్క్ నుంచి చదవాల్సి వస్తుంది. ఫంక్షన్ లోపల రాసిన ఇంపోర్ట్ మొదటిసారి నడిచినప్పుడు ఫైళ్లన్నీ వెతుకుతుంది. సర్వర్ పేరును అడ్రసుగా మార్చే పని కూడా మామూలు దారిలో పిలిస్తే బ్లాకింగే. వీటిలో ఒక్కటీ ప్రోగ్రామర్ కావాలని రాసింది కాదు. వాడిన లైబ్రరీలో, ఆ లైబ్రరీ వాడిన లైబ్రరీలో ఉంటాయి.

వీటిని పట్టే దారుల్లో మొదటిది కాపలా. లూప్‌ను ఆపగలవని తెలిసిన ఫంక్షన్లన్నిటికీ ముందే ఒక తొడుగు వేస్తారు. లూప్ నడిచే థ్రెడ్ మీద ఎవరైనా వాటిని పిలిస్తే అక్కడికక్కడే ఎర్రర్, ఏ ఫైల్, ఏ లైన్, ఎవరు పిలిస్తే వచ్చిందో మొత్తం స్టాక్ ట్రేస్‌తో సహా. జావాలో రియాక్టర్ అనే అసింక్ లైబ్రరీ వాడేవాళ్లకు బ్లాక్‌హౌండ్ ఈ పనే చేస్తుంది. పైథాన్‌లో బ్లాక్‌బస్టర్ ఉంది. ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు నడిపే హోమ్ అసిస్టెంట్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు సొంతంగా ఇలాంటిదే కట్టుకుంది. ప్రపంచం నలుమూలల నుంచి ఎవరెవరో రాసిన వందల ఇంటిగ్రేషన్లను ఒకే లూప్ మీద నడపాలి మరి. అందరికీ తెలిసిన ఉదాహరణ మన జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ 2010 చివర్లో స్ట్రిక్ట్‌మోడ్ తెచ్చింది. మరుసటి వెర్షన్ నుంచి, తెరను నడిపే మెయిన్ థ్రెడ్ మీద నెట్‌వర్క్‌ను పిలిస్తే యాప్‌ను కూల్చేయడమే మామూలు పద్ధతి చేసింది. అప్పట్లో ప్రోగ్రామర్లు గొణిగారు, తర్వాత అలవాటు పడ్డారు.

కాపలా పక్షాన గట్టి మాట ఒకటుంది. అది నష్టం జరిగేదాకా ఆగదు. కుర్రాళ్ల ల్యాప్‌టాప్‌లో పది లాట్లే ఉంటాయి, డేటాబేస్ అదే మెషీన్‌లో ఉంటుంది, కాల్ అర మిల్లీసెకనులో అయిపోతుంది. ఎంత సున్నితమైన గడియారం పెట్టినా అక్కడ ఏమీ కనబడదు. కాపలాకు మాత్రం ఎంతసేపు పట్టిందన్నది అనవసరం. పిలిచావా లేదా అన్నదే లెక్క. సీజన్ మొదలవక ముందే, టెస్టుల్లోనే దొంగ దొరుకుతాడు. ఇంతకంటే ముందే కోడ్‌ను నడపకుండా చదివి పట్టే లింటర్లూ ఉన్నాయి. పైథాన్‌లో రఫ్ అనేది అసింక్ ఫంక్షన్‌లో నేరుగా రాసిన స్లీప్‌ను, ఫైల్ ఓపెన్‌ను చూపిస్తుంది. రెండు ఫంక్షన్ల లోతున ఉంటే మాత్రం చూడలేదు. అందుకే దాన్ని చిల్లర సాయంగానే లెక్కపెట్టాలి.

ఇప్పుడు ఎదుటి పక్షం. కాపలా తన జాబితాలో ఉన్నవాళ్లనే ఆపగలదు. సి భాషలో రాసిన డ్రైవర్ ఏదో తన దారిన సాకెట్ తెరిస్తే తొడుగుకు తెలియదు. రెండో రకం, అంటే లెక్కల్లో మునిగిన కోడ్, దానికి బొత్తిగా కనబడదు. పైగా అరుపులు ఎక్కువ. ఆపరేటింగ్ సిస్టమ్ జ్ఞాపకంలో ఇప్పటికే ఉన్న నాలుగు కిలోబైట్ల ఫైల్‌ను తెరవడానికి మైక్రోసెకన్లు చాలు. దానికీ అదే ఎర్రర్. అప్పుడు మినహాయింపుల జాబితా మొదలవుతుంది. ఈ లైబ్రరీలో ఈ ఫంక్షన్‌ను వదిలెయ్, ఆ లైబ్రరీలో ఆ రెంటినీ వదిలెయ్. పాత ప్రాజెక్టుకు మొదటిసారి కాపలా తగిలించిన రోజు టెస్టులు సగం ఎర్రబడతాయి. వారంలో డెలివరీ ఉన్న టీమ్ ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. పెద్ద మినహాయింపు ఒకటి రాసి నోరు మూయిస్తుంది. మళ్లీ ఎవరూ ఆ ఫైల్ తెరవరు.

రెండో దారి కొలత. ఎవరు ఏ ఫంక్షన్ పిలిచారన్నది పట్టించుకోదు, లూప్ ఎంతసేపు ఆగిందో చూస్తుంది. అసింక్‌ఐఓ డీబగ్ మోడ్‌లో ఏ అడుగైనా 0.1 సెకను దాటితే లాగ్‌లో ఒక లైన్ పడుతుంది. జావా లోకంలో వెర్టెక్స్ అనే ఫ్రేమ్‌వర్క్ వేరే థ్రెడ్ నుంచి సెకనుకోసారి తొంగిచూసి, లూప్ 2 సెకన్లకు మించి ఆగితే హెచ్చరిస్తుంది, 5 సెకన్లు దాటితే స్టాక్ ట్రేస్ కూడా ఇస్తుంది. నోడ్‌లో లూప్ ఆలస్యాన్ని హిస్టోగ్రామ్‌గా కొలిచే సౌకర్యం లోపలే ఉంది. కొలత పక్షం వాళ్ల వాదన సూటిగా ఉంటుంది: వాడేవాడికి నొప్పి కలిగించేది ఆలస్యమే గనక ఆలస్యాన్నే కొలవండి, ఎవరికీ నొప్పి పెట్టని బ్లాకింగ్ కాల్‌ను వెతికి సరిచేసే తీరిక ఎవరికుంది?

ఈ వాదనకు బలమిచ్చే ఉదంతం ఈవెంట్ లూప్ లోకం బయటిదే. 2016 జులై 20న స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్ 34 నిమిషాలు పడిపోయింది. కారణం, వాక్యం చివర ఖాళీలు కత్తిరించే చిన్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. ఎవరో పెట్టిన పోస్టులో దాదాపు 20,000 ఖాళీలు వరసగా ఉన్నాయి. వాటిని ముందుకీ వెనక్కీ తడుముతూ ప్రాసెసర్ కాలిపోయింది. అందులో ఫైల్ లేదు, నెట్‌వర్క్ లేదు, తొడుగు వేయదగిన ఫంక్షనే లేదు. ఏ కాపలా దాన్ని ఆపేది కాదు. అన్ని థ్రెడ్లున్న చోటే అంత పనైతే, ఒక్క థ్రెడ్ లూప్‌లో అలాంటిది పడితే ఇక చూడక్కర్లేదు.

మన దగ్గరికే వద్దాం. ఆదోని నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే ఎమ్మిగనూరు. మాచాని సోమప్ప నిలబెట్టిన చేనేత సహకార సంఘంతో పేరొచ్చిన ఊరు. అక్కడ చేనేత చీరలు అమ్మే దుకాణం ఒకటి ఫోన్లో ఆర్డర్లు తీసుకునే అసింక్ ప్రోగ్రాము పెట్టిందనుకుందాం. ఆర్డర్ ఖరారవగానే తెలుగులో బిల్లు పీడీఎఫ్‌గా తయారవాలి. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చోవాలంటే ఒక్కో పదాన్నీ షేపింగ్ ఇంజన్ గుండా పంపి, ఫాంట్‌లోని గ్లిఫ్‌లను పొదగాలి. బొమ్మతో సహా పేజీకి రెండు మూడొందల మిల్లీసెకన్లు పట్టినా ఆశ్చర్యం లేదు. జనవరిలో నీలకంఠేశ్వరుడి జాతర రోజుల్లో ఆర్డర్లు మీద మీద పడితే ఒక్కో బిల్లుకూ అందరూ ఆగుతారు. కాపలా పెట్టిన ప్రోగ్రామర్‌కు టెస్టులన్నీ పచ్చగా కనిపిస్తుంటాయి. కొలత పెట్టినవాడికి మొదటి బిల్లుకే తెలిసిపోతుంది.

ఇంతవరకు వింటే కొలతదే పైచేయి అనిపిస్తుంది. దాని లోపాలూ చిన్నవి కావు. అసింక్‌ఐఓ డీబగ్ మోడ్ ఆలస్యాన్ని ఆ అడుగు పూర్తయ్యాక చెబుతుంది. ఇందాకటి ఎస్సెమ్మెస్ గేట్‌వే గడువు లేకుండా పట్టుకుని కూర్చుంటే ఆ అడుగు పూర్తే కాదు, కాబట్టి ఆ లైన్ లాగ్‌లో పడనే పడదు. అన్నిటికంటే పెద్ద ఆపదలో మౌనంగా ఉండే అలారం అది. వెర్టెక్స్ మాదిరిగా పక్క థ్రెడ్ నుంచి చూసేదే కావాలి. పైథాన్‌లో దాన్ని మనమే రాసుకోవచ్చు. లూప్ సెకనుకోసారి ఒక గుర్తు మారుస్తుంది, పక్క థ్రెడ్ ఆ గుర్తును చూస్తుంటుంది, మారకపోతే ఆ క్షణంలో లూప్ థ్రెడ్ ఎక్కడుందో స్టాక్ తీసి రాస్తుంది. ముప్పై లైన్లకు మించని కోడ్. అదీ లేకపోతే, ఆగిపోయిన ప్రోగ్రామును చంపకుండానే పై-స్పై అనే పనిముట్టు బయటి నుంచి స్టాక్ చూపిస్తుంది. రీస్టార్ట్ కొట్టే ముందు ఆ ఒక్క కమాండ్ ఇచ్చే ఓపిక ఉండాలి. ఆ ఓపికే అరుదు. యార్డులో జనం అరుస్తుంటే చెయ్యి రీస్టార్ట్ మీదికే పోతుంది, సాక్ష్యం దానితో పాటే పోతుంది.

రెండో లోపం మరీ సూక్ష్మం. మన టెండర్ ప్రోగ్రాములో ప్రతి ధరకూ ఒక సింక్రనస్ డేటాబేస్ కాల్ ఉంది, దానికి 5 మిల్లీసెకన్లు పడుతుంది. 0.1 సెకను గీత దగ్గరికి కూడా అది రాదు. గడువు చివర ఒకే సెకనులో 200 ధరలు పడ్డాయి. 200 సార్లు 5 అంటే పూర్తి సెకను. లూప్‌కు ఊపిరాడలేదు, ఆఖరున వేసినవాడి ధర గడువు దాటాక నమోదైంది, వాడు యార్డు ఆఫీసు మీద పడ్డాడు. లాగ్ తీస్తే ఒక్క హెచ్చరికా లేదు, ఏ ఒక్క అడుగూ గీత దాటలేదు గనక. ఒక్కో అడుగును కొలిచేదీ, లూప్ మొత్తం ఎంత వెనకబడిందో కొలిచేదీ వేరువేరు అని చాలామందికి ఇలాంటి రోజున గానీ తెలియదు. రెండోదాని తీరు సులువు. ఫలానా క్షణాన నన్ను లేపు అని లూప్‌కు చెప్పి, నిజంగా ఎంత ఆలస్యంగా లేపిందో చూసుకోవడమే. అయితే అది కూడా జబ్బు ఉందని చెబుతుందే తప్ప ఎవరి వల్ల వచ్చిందో చెప్పదు. ఆ 5 మిల్లీసెకన్ల కాల్‌ను పేరు పెట్టి చూపించగలిగేది మళ్లీ కాపలానే, అదీ మొదటి రోజునే.

చవక సర్వర్ మీద కొలత అబద్ధమూ చెప్పవచ్చు. అదే మెషీన్‌ను పంచుకుంటున్న పొరుగు ప్రోగ్రాము ప్రాసెసర్‌ను లాక్కున్నా, చెత్త ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ కాస్త ఎక్కువసేపు తీసుకున్నా లూప్ ఆలస్యమైనట్టే కనిపిస్తుంది. కోడ్‌లో లేని తప్పు కోసం కుర్రాళ్లు రెండు రాత్రులు వెతుకుతారు.

ఈ గొడవంతా విని మూడో పక్షం నవ్వుతుంది. అసలు మీకు అసింక్ ఎందుకు? ఆదోని యార్డులో ధర వేసే వ్యాపారులు ఎంతమంది? మామూలు థ్రెడ్లతో, మనిషికో థ్రెడ్ ఇచ్చి రాస్తే ఒకడు ఆగినా మిగతావాళ్లు నడుస్తారు కదా? ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేను. ధరలు వేసేవాళ్ల వరకే అయితే వాళ్లదే ఒప్పు. ఊరికే తెరిచి ఉండే వేల ఫోన్ల దగ్గరే అసింక్ అక్కరకొస్తుంది. దానికీ వాళ్ల దగ్గర జవాబుంది. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 21 వర్చువల్ థ్రెడ్లు ఇచ్చింది. మామూలు బ్లాకింగ్ కోడే రాసుకోండి, ఆగినప్పుడు పక్కన పెట్టే పని మేం చూసుకుంటాం అంది. గో భాష మొదటి నుంచీ అదే దారి, 2020లో వచ్చిన 1.14 నుంచి లెక్కల్లో మునిగిన కోడ్‌ను కూడా మధ్యలో ఆపగలుగుతోంది. అయినా వేట పూర్తిగా తప్పలేదు. జావా 21లో సింక్రనైజ్డ్ అని రాసిన చోట ఆగిన వర్చువల్ థ్రెడ్ తన కింది అసలు థ్రెడ్‌ను వదలదు. దాని వల్ల సర్వర్లు బిగుసుకుపోయిన అనుభవాన్ని నెట్‌ఫ్లిక్స్ ఇంజనీర్లు 2024లో రాశారు. మరుసటి ఏడాది జావా 24 ఆ ముడి విప్పింది. అంటే ఏడాదిన్నర పాటు వాళ్లు కూడా పట్టుకుని కూర్చున్నదెవరని వెతుకుతూనే ఉన్నారు.

ఇక నా మొగ్గు చెప్పాలి. కొత్తగా మొదలుపెట్టే ప్రోగ్రాము అయితే కాపలాను మొదటి కమిట్‌తోనే టెస్టుల్లో పెట్టాలి. మినహాయింపులు అప్పుడు సున్నా నుంచి మొదలవుతాయి, ఒక్కొక్కటి చేరినప్పుడల్లా ఎందుకు చేరిందో ఎవరో ఒకరు రాయాల్సి వస్తుంది. ఇతరులు వాడే లైబ్రరీ రాసేవాళ్లకైతే ఇది తప్పనిసరి అంటాను, వాళ్ల 5 మిల్లీసెకన్లు ఎవరి గడువు నిమిషంలో పడతాయో వాళ్లకు తెలియదు గనక. నడుస్తున్న సర్వర్‌లో మాత్రం ఎర్రర్ వేసే కాపలా వద్దు. గడువు నిమిషంలో 5 మిల్లీసెకన్లు ఆలస్యమైన ధర నయం, నిబంధన పేరుతో తిప్పికొట్టిన ధర కంటే. అక్కడ ఉండాల్సింది లూప్ వెనకబాటు కొలత, పక్క థ్రెడ్ నుంచి స్టాక్ తీసే చిన్న కోడ్. డీబగ్ మోడ్ బరువు ఎక్కువ, దాన్ని ల్యాప్‌టాప్ మీదే ఉంచుకోవాలి.

అదే మూడేళ్లుగా నడుస్తున్న పాత కోడ్, దాన్ని చూసే మనిషి ఒక్కడే, అతనూ బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు మాత్రమే కూర్చునేవాడు అనుకోండి. ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఇది ఊహ కూడా కాదు, మామూలు సంగతి. అప్పుడు కొలతనే ముందు పెట్టమంటాను. మూడొందల ఎర్రర్ల జాబితా అతనికి సాయం చేయదు, భయపెడుతుంది. సీజన్‌లో లూప్ ఎప్పుడు అన్నిటికంటే ఎక్కువ వెనకబడిందో, ఆ క్షణంలో స్టాక్‌లో ఎవరున్నారో తెలిస్తే ఆదివారానికి ఒకటి చొప్పున సరిచేసుకుంటాడు. నాలుగైదు పెద్దవి పోయాక, సీజన్ లేని నెలల్లో, తన సొంత ఫైళ్ల మీద మాత్రమే కాపలా తగిలించుకోవచ్చు.

దొరికాక ఏం చేయాలన్నది కూడా ఈ తూకంలోకి రావాలి, ఎందుకంటే పట్టుకున్న ప్రతిదాన్నీ థ్రెడ్‌లోకి తోసేయడమే చాలామందికి తెలిసిన మందు. పైథాన్ 3.9 నుంచి టు_థ్రెడ్ అని ఒక్క లైన్‌లో రాస్తే సరిపోతుంది. కాపలా వెంటనే నోరు మూస్తుంది, లూప్ మళ్లీ ఊపిరి తీసుకుంటుంది. వెనక ఉన్న థ్రెడ్ల గుంపు మాత్రం చిన్నది. పైథాన్‌లో కోర్ల సంఖ్యకు 4 కలిపినంత, ఎంత పెద్ద మెషీన్ అయినా 32 దాటదు. నోడ్‌లో మనం మార్చకపోతే నాలుగే, ఆ నాలుగింటినే ఫైళ్లూ, పేర్ల వెతుకులాటా, పాస్‌వర్డ్ లెక్కలూ పంచుకుంటాయి. గేట్‌వే జవాబివ్వని రోజున ఎస్సెమ్మెస్‌లు అన్ని థ్రెడ్లనూ పట్టుకుంటే, ధర నమోదు చేయాల్సిన డేటాబేస్ కాల్ వాటి వెనక నిలబడుతుంది. లూప్ కొలత చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. కాబట్టి ఎస్సెమ్మెస్‌లకు వేరే గుంపు, ప్రతి పిలుపుకూ గడువు, ఆ గుంపు ముందు క్యూ పొడవుకు ఇంకో కొలత పెట్టాలి. పీడీఎఫ్ బిల్లులాంటి లెక్కల పనికైతే థ్రెడ్ కూడా సగం మందే. మామూలు పైథాన్‌లో ఒకసారి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే జీఐఎల్ అనే తాళం ఒక్కటే ఉంటుంది గనక ఆ థ్రెడ్, లూప్ దానికోసం వంతులు వేసుకుంటాయి, ఒక్కో వంతు 5 మిల్లీసెకన్లు. దాన్ని వేరే ప్రాసెస్‌కు పంపాలి, లేదా ఆర్డర్ అందిందని కస్టమర్‌కు ముందు చెప్పేసి బిల్లు రెండు నిమిషాల తర్వాత పంపాలి. ఎమ్మిగనూరు దుకాణంలో చీర కొన్నవాళ్లెవరూ బిల్లు అదే సెకనులో రాలేదని గొడవపడరు.

ఆదోని టెండర్‌కు ఆ వెసులుబాటు లేదు. అక్కడ గడువే సరుకు. ధర ఏ క్షణానికి వచ్చిందన్న ముద్రను లూప్ తీరిగ్గా అందుకున్నప్పుడు వేస్తే, లూప్ ఆగిన సెకను వ్యాపారి ఖాతాలో పడుతుంది. ఆ ముద్ర వేసే పనిని లూప్ ముందు నిలబడే సర్వర్‌కు, ఎన్‌జింక్స్ లాంటిదానికి, అప్పగిస్తే బ్లాకింగ్ కోడ్ పూర్తిగా దొరకని రోజుల్లో కూడా ఎవరి ధరా అన్యాయంగా గడువు దాటదు. వెతుకులాట ఏ పద్ధతిలో సాగినా, సీజన్ మొదలయ్యే లోపు ఆ ఒక్క మార్పు చేయడానికి ఒక పూట చాలు.